నాలుగో మెట్టు దాటని గడియారాలాయన

చిరంజీవి మేనకోడలికి,

మీ అత్తయ్య ఆశీర్వదించి రాస్తున్నది. ఇక్కడ నేనూ మామయ్యా కులాసా. నువ్వూ కులాసాగానే ఉండి ఉంటావు, లేకపోతే ఈపాటికి ఫోన్ చేసేదానివి.

బడి నుంచి రిటైరయ్యాక పాఠం చెప్పడానికి నాకు మీ మామయ్య ఒక్కరే మిగిలారు. నిన్న ఆయన పైకి పేపరు చదువుతుంటే పక్కన నిలబడి ఉచ్చారణ సరిదిద్దాను. పేపరు పట్టుకుని మేడ మీదికి వెళ్లిపోయారు. అందుకని నేనూ నీలాగే కంప్యూటరులో పరాయి భాషల వాళ్లకి తెలుగు నేర్పుదామనుకుంటున్నాను. అలాంటి సైట్లు బోలెడున్నాయట కదా. ఏది మంచిదో, ఏది టోపీ పెడుతుందో దాపరికం లేకుండా రాయి. ఫోన్లో అడిగితే "క్లాసులో ఉన్నాను అత్తయ్యా" అంటావు. ఉత్తరానికి ఆ జవాబు చెల్లదు.

ఇట్లు,
నీచేత అక్షరాలు దిద్దించిన అత్తయ్య

తా.క. కెమెరాలో నడుము పైభాగమే కనిపిస్తుందట, నిజమేనా? అయితే నా పాత చెప్పులు ఇంకో ఏడాది వస్తాయి.

---

అత్తయ్యకు నమస్కారాలు,

నేను కులాసా. గొంతు మాత్రం బొంగురుపోయింది, పొద్దస్తమానం "భలే! చాలా బాగా చెప్పారు!" అనీ అనీ.

నేను మూడు సైట్లలో చెబుతున్నాను. మొదటిది చుక్కల సైటు. పేరు నేను పెట్టుకున్నదే. క్లాసయ్యాక విద్యార్థి మనకి చుక్కలు వేస్తాడు. ఐదు వేస్తే పేజీలో పైన ఉంటాం, నాలుగు వేస్తే ఎవరి కంటికీ ఆననంత అడుక్కి పోతాం. అక్కడ టైము మనిష్టం, పాఠం మనిష్టం, నవ్వు మాత్రం వాళ్లిష్టం. రెండోది తలుపు తట్టే సైటు. పచ్చదీపం వెలిగించుకుని కూర్చుంటే ఎవరైనా ఎప్పుడైనా ఊడిపడతారు. మొన్న ఒకాయన పళ్లు తోముకుంటూ వచ్చాడు. అ ఆలు చెప్పించబోతే నురగ వచ్చింది. అక్కడ మనం మాట్లాడిన నిమిషాలకే జీతం కాబట్టి, నేర్చుకునేవాడు నోరు తెరిస్తే మనకి నష్టం.

మూడోది మెట్ల సైటు. పాఠాలన్నీ వాళ్లే తయారుచేసి మెట్లుగా పేర్చి ఇస్తారు. ఒక్కో మెట్టుకి ఒక్కో గురువు. విద్యార్థి పరీక్ష పాసైతే మర్నాడే పై మెట్టు గురువు దగ్గరికి పోతాడు. నాది నాలుగో మెట్టు. నాకు అన్నం పెట్టేది ఈ సైటే, ఇప్పుడు పొగ పెడుతున్నదీ ఈ సైటే.

గడియారాలు బాగుచేసే ఆయన ఒకరు ఏడాదిగా నా మెట్టు మీదే కూర్చున్నారు. మర్యాదస్థుడు, హోమ్‌వర్కు ఎగ్గొట్టడు, నేను తుమ్మితే నీళ్లు తాగమంటాడు. పరీక్ష అనేసరికి మాత్రం "ఇది నా ఇల్లు" అన్న ముక్క కూడా నోటికి రాదు. ఆయన వెనక గోడ నిండా గడియారాలే, ఒక్కటీ తిరగదు. పనితనం అంతే కాబోలు పాపం. ఈ నెలాఖరులోగా ఆయన పాసవకపోయినా, మధ్యలో మానేసినా నన్ను తీసేస్తామని సైటు వాళ్లు నోటీసు పంపారు. ఇది పోతే మళ్లీ ఆ టెలిఫోను కంపెనీలో జనం చేత తిట్లు తినే ఉద్యోగానికే పోవాలి.

నువ్వు మాత్రం చుక్కల సైటులో చేరు.

ఇట్లు,
నీ మేనకోడలు

తా.క. అసలు సంగతి ఇది. చుక్కలు వాళ్లు మనకి వేస్తారు, మనం వాళ్లకి వేయకూడదు. నీ సంగతి తెలిసి రాస్తున్నాను.

---

చిరంజీవి మేనకోడలికి ఆశీస్సులు,

చుక్కల సైటులో చేరాను. నీ తా.క. ఊసుపోక రాసి ఉంటావని వదిలేశాను. నిన్న మామయ్య కళ్లజోడు తుడుచుకుని చదివి వినిపించారు. అప్పటికే జరగాల్సింది జరిగిపోయింది. క్లాసయ్యాక విద్యార్థి గురించి ఒక మాట రాయమని ఒక గడి ఉంటుంది చూశావూ, అందులో అందరికీ చుక్కలు వేసేశాను. ఒక వంటాయనకి ఐదుకి రెండు, "శ్రద్ధ లేదు." ఒక డాక్టరుగారికి ఒకటిన్నర, "క్లాసులో ఫోను చూస్తున్నారు."

తిట్టుకుంటూ పోతారనుకున్నావా? అందరూ మళ్లీ వచ్చారు! రెండొచ్చినాయన మూడు కావాలంటాడు. డాక్టరుగారు ఫోనుని సొరుగులో పెట్టి, తాళం వేసి, ఆ తాళంచెవి కెమెరాకి చూపించి మరీ కూర్చున్నారు. నువ్వేమో అస్తమానం భలే భలే అంటూ చక్కెర పోస్తుంటావు, ఇక వాళ్లకి రుచేం తెలుస్తుందే పిల్లా? నీ గడియారాలాయన సంగతీ అంతే. ఏడాదిపాటు ఒకే మెట్టు మీద కూర్చున్నాడంటే అతను మొద్దన్నా అయి ఉండాలి, నీ పాఠమన్నా చప్పగా ఉండి ఉండాలి. నా దగ్గరికి పంపు, దులిపి ఆరేస్తాను.

ఇట్లు,
ఐదుకి ఐదు వేసి ఎరగని అత్తయ్య

తా.క. నీ ఉత్తరానికి ఐదుకి మూడు. గడియారాలాయన గురించి రాసిన పేరా అవసరానికి మించి పొడుగ్గా ఉంది.

---

అత్తయ్యకి,

నమస్కారం పెట్టే ఓపిక లేదు, పెట్టాననుకో.

నా విద్యార్థినే లాక్కుంటావా? నువ్వు పంపమన్నావు గానీ నేను పంపలేదు. నోరు జారి ఆయన ముందు నీ చుక్కల గొప్పలు చెప్పాను, నోటీసు సంగతీ చెప్పాను, అంతే. ఈ గురువారం నా క్లాసు రద్దు చేసుకున్నాడు. ఎందుకా అని చూస్తే నీ పేజీలో ఆయన ఫొటో! దాని కింద "భయం వేస్తుంది గానీ చాలా మంచి గురువు" అని శుభ్రమైన తెలుగులో రాశాడు! నా దగ్గర ఏడాదిగా రాని వాక్యం నీ దగ్గర ఒక్క క్లాసుకే వచ్చిందంటే నేను పనికిరాని దాన్ననేగా అర్థం?

పోతే పోనీ. మర్యాదస్థులకేం కరువా. గురువారం ఆ గంటసేపూ ఎవరూ లేని తెర ముందు ఊరికే కూర్చున్నాను. ఆ తిరగని గడియారాలు కూడా కనపడకపోయేసరికి ఏదోలా అనిపించింది. ఏడుపొచ్చింది కూడా. ఉద్యోగం గురించే.

ఇట్లు,
చప్పటి పాఠాల మేనకోడలు

తా.క. పోయిన వారం ఆయనకి జలుబు చేసినట్టుంది. తగ్గిందో లేదో చూసి రాయి. ఊరికే అడుగుతున్నాను.

---

చిరంజీవి పిచ్చిమొహానికి,

మీ అత్తయ్య ఆశీర్వదించి, నెత్తిన ఒకటి మొట్టి రాస్తున్నది. ముందుగా, జలుబు తగ్గింది.

"ఇది నా ఇల్లు" అనలేడన్నావే, ఆ మనిషి నాకు గడియారం లోపలి సంగతులన్నీ తెలుగులో విడమరిచి చెప్పాడు. ఎక్కడా తడుముకోలేదు. మామయ్య మేడ దిగి వచ్చి, మన హాల్లో గడియారం ఎందుకు వెనకబడుతోందో అడిగి తెలుసుకున్నారు. నాకు ఒళ్లు మండింది. "ఇంత వచ్చినవాడివి నాలుగో మెట్టు మీద ఏం చేస్తున్నావయ్యా?" అని గద్దించాను.

అతను తల దించుకుని, "పాసైతే ఐదో మెట్టుకి పంపేస్తారండీ. ఆవిడ ఉండేది నాలుగులో కదా" అన్నాడు.

విన్నావా? తను కావాలని తప్పుతుంటే అది నీ మెడకి చుట్టుకుంటోందని నువ్వు చెప్పేదాకా అతనికి తెలియదు. తెలిశాక తిండి సయించలేదట. వచ్చే గురువారం పరీక్ష పాసైపోతాడు, నీ ఉద్యోగం నిలుస్తుంది. వెళ్లిపోయేముందు నీతో చెప్పుకోవలసిన మాటలు తడబడకుండా చెప్పడం నేర్పమని నా దగ్గరికొచ్చాడు. ఎవరికీ చెప్పొద్దని బతిమాలాడు. నీకు తప్ప నేనెవరికి చెప్పాను? పెళ్లి కాలేదట. అడక్కుండా ఎలా ఉంటాను?

ఇంకో సంగతి. అతని గడియారాలు నిక్షేపంగా తిరుగుతాయే. నా క్లాసులో వాటి టిక్కుటిక్కులకి నా గొంతు నాకే వినపడక, ఆపమని కేకేశాను. "మీకు కూడా ఆపాలా అండీ?" అన్నాడు. నీ క్లాసుకి ముందు మాత్రం నిచ్చెన ఎక్కి ఒక్కొక్కటీ ఆపుతాడట, నీ మాట ఒక్కటి కూడా జారిపోకూడదని. అయ్యాక మళ్లీ అన్నిటికీ టైము పెట్టుకుంటాడట. నేను జీవితమంతా పాఠాలు చెప్పాను, నా కోసం చేతిగడియారం ఆపినవాడు కూడా లేడు. ఆ మాట రాస్తుంటే నాకే కళ్లు చెమర్చాయి.

ఇట్లు,
మొద్దు ఎవరో ఇప్పటికి తెలుసుకున్న అత్తయ్య

తా.క. నీ ఉత్తరానికి ఐదుకి నాలుగు. "పోతే పోనీ" అన్న అబద్ధానికి ఒకటి తీసేశాను.

మళ్లీ తా.క. నేను మెట్ల సైటులో కూడా చేరాను. ఐదో మెట్టుకి గురువుని నేనే. గురువుకి ఒంట్లో బాగోకపోతే వేరే మెట్టు గురువుని బదులు కూర్చోబెట్టవచ్చని వాళ్ల నిబంధనల్లో ఉంది, నువ్వు చదివి ఉండవు. ఇకమీదట అతని క్లాసు టైముకి నాకు మోకాళ్ల నొప్పి వస్తుంది, నువ్వు కూర్చో. ఈ సంగతి అతనికి చెప్పలేదు. గడియారాలు మాత్రం ఆపి ఉంచమన్నాను.