సాంచాల చప్పుడు లేని ఇల్లు

సిరిసిల్లలో ఉన్న నర్సయ్య అన్నకు, వదినకు కోరుట్ల నుండి చెల్లె లచ్చవ్వ దండం పెట్టి రాసేది. మీరంతా క్షేమమేనా? మా చిన్నోడు మహేష్ నీ దగ్గర వేళకు తింటున్నాడా? మేము బాగున్నాము అని రాయాలి. కానీ బాగున్నామో లేదో నాకే తెలియడం లేదు అన్నా.

పెద్దోడు శీను ఉన్నట్టుండి చనిపోయాక ఆ ఇంట్లో ఉండలేక బిడ్డ రమను తీసుకొని ఇక్కడికి వచ్చాను కదా. బీడీలు చుట్టడం వచ్చింది. ఆకు కత్తిరించడంలో మాత్రం ఇంకా తిట్లు తింటున్నాను. ఇక్కడి నీళ్లు పడడం లేదు. అన్నిటికన్నా, ఇక్కడ నేత సాంచాల చప్పుడు లేదు. మన ఇంట్లో నిద్రలో కూడా ఉండేది. ఇక్కడ ఎవరో దగ్గితే ఉలిక్కిపడుతున్నాను.

రమకు హైదరాబాదులో గడ్డ తీశారని నీకు తెలుసు. మూత్రపిండం మీద కూర్చొని ఏదో రసం ఊరించి, చెమటలు పట్టించి, గుండెను పరుగెత్తించిన గడ్డ. అది పోయింది, పీడ పోయింది అనుకున్నాను. ఇంటికి వచ్చాక, "అమ్మా, గుండె దడదడ కొట్టుకుంట నడుమల ఒక దెబ్బ తప్పుతాందే" అన్నది.

"సాంచాలు లేవు గదనే, అందుకే నీ గుండె నీకు ఇనవడుతాంది. పండుకో" అన్నాను. వచ్చిన కొత్తలో నా గుండె నాకూ వినబడింది మరి.

మొన్న వాకిట్లో కూలబడింది. బస్సులు బంద్. ఆటోలో జగిత్యాల బయలుదేరితే, తెలంగాణ కోసం రోడ్డు మీద పొయ్యిలు పెట్టి వంటలు చేస్తున్నారు. "బిడ్డ పానం మంచిగ లేదయ్యా" అంటే పొయ్యి రాళ్లు జరిపి దారి ఇచ్చారు. ఒకామె "తినిపో చెల్లె" అంటూ విస్తరి పట్టుకొని వచ్చింది. అంత బాధలోనూ రమ నవ్వింది.

"అందరు సమ్మె జేస్తాండ్రు గదనే, నా గుండె గూడ జేస్తాంది."

డాక్టరమ్మ ఛాతీకి వైర్లు పెట్టి కాగితం తీసింది. "గడ్డ పోయినంక గుండెకేం రోగమమ్మా?" అని అడిగాను.

"గా రసం ఇన్నేండ్లు గుండెను ఉరికిచ్చింది. అలసిపోయి లయ తప్పుతాంది. గోలీలు ఆపొద్దు, చూద్దాం" అన్నది.

చూద్దాం అంటే మంచా, చెడా? నీకు అర్థమైతే రాయి.

లేచి వస్తుంటే మళ్లీ పిలిచింది. "ఇంట్ల ఇంకెవరికన్న ఊకనే చెమటలు, తలనొప్పి, గుండెదడ ఉండెనా? గీ గడ్డ కొన్ని ఇండ్లల్ల తోడబుట్టినోళ్లకు గూడ వస్తది."

శీను సాంచ దగ్గర తడిసి ముద్దయ్యేవాడు కదన్నా. షెడ్డు వేడి అనుకున్నాం. తలనొప్పి అంటే ఊరేగింపుల్లో ఎండకు తిరిగాడు అన్నాం. వాడికీ అదేనా? ఇప్పుడు ఎవరు చెబుతారు? చేతిలో ఆకు చేతిలోనే ఆగిపోతున్నది.

రమ ఇవాళ రెండు ముద్దలు తిన్నది, భయపడకండి. ఎవరైనా ఇటు వస్తే వదిన పాత మెత్తటి చీర ఒకటి పంపండి, కుట్ల దగ్గర కొత్త బట్ట గుచ్చుకుంటున్నది. మహేష్ ఛాతీ మీద చెయ్యి పెట్టి చూడు. "నాకేం లేదు మామా" అంటాడు, నమ్మకు. బస్సులు నడవగానే జగిత్యాల పంపు, పరీక్షకు చీటీ రాస్తానన్నది డాక్టరమ్మ.

వాడకట్టు పెద్దలందరికీ నా దండాలు. నా బిడ్డలిద్దరినీ దీవించు.

నీ చెల్లె,
లచ్చవ్వ

చెయ్యి పెట్టే ముందు సాంచాలన్నీ ఆపించు అన్నా. అవి నడుస్తుంటే ఏమీ తెలియదు.