ఎర్ర పోగులు

ధర్మవరం
కార్తీక అమావాస్య, రాత్రి

అమావాస్య కాబట్టి మగ్గానికి సెలవు. పొద్దున రైల్లో పెనుకొండకు పోతి. ఆడుండే బామ్మర్ది శీనా నాతో కొండెక్కను రాలేదు. వాని కుక్క కరియను తోడు పంపినాడు.

"మెట్ల దారి ఇడిసి పోవద్దు బావా. తుప్పల్లో తిరిగొచ్చే దారి దొరకదు" అన్నాడు.

నేను ఇడిసే పోయినా. జేబులో మగ్గం కాడ మిగిలిన ఎర్ర పట్టు పోగులు ఉండె. మలుపు మలుపుకూ ఒక తుప్పకు పోగు కట్టుకుంటా ఎక్కినా. నేను కట్టిన తుప్పకల్లా కరియ కాలెత్తింది. పైన చలిగాలికి చెవులు నొప్పెట్టినాయి.

దిగేటప్పుడు ఆ పచ్చటి తుప్పల్లో ఒక్క పోగూ కనపడలేదు. ఇంకా వెలుతురుండాది. గాలికి ఊడిపోయినాయేమో అనుకున్నా. కరియ వాసన చూసుకుంటా ముందు పోయి, ఒక తుప్ప కాడ మళ్లీ కాలెత్తింది. ఆడ చెయ్యి పెట్టి తడిమితే ముడి తగిలింది. మొగం దగ్గరికి పెట్టినాక ఎరుపు తెలిసింది. ఆ తర్వాతి తుప్ప కాడా అంతే. కట్టినవన్నీ కట్టినట్టే ఉండాయి.

వాళ్లింటికాడ తుప్పల్లో పోయినానని చెప్తే, "దారి ఎట్ల తెలిసింది బావా?" అన్నాడు శీనా.

"పోగులు చూసుకుంటా వచ్చినా" అన్నా.

కరియ నా కాళ్ల కాడ పండుకోనుండాది.

ఇంటికొస్తే నా పెండ్లాం రేపటి నేతకు పట్టు పోగుల కండెలు చుట్టి పెట్టింది. ఆకుపచ్చ చీర, ఎర్ర అంచు. పోయిన వారం సావుకారు అంచులో పోగులు తప్పినాయంటే, వెలుతురు చాల్లేదని చెప్పి మగ్గం పైన బల్బు మార్పించినా.

దాని కిందనే కూర్చోని ఇది రాస్తాండా. బల్బు బాగానే వెలుగుతాండాది.