మస్తాన్ అన్న పెట్టని వైరు

శుక్రవారం

మేం కనెక్షన్ ఇచ్చిన ఇళ్లన్నిటికీ నెట్ పోయింది. ప్రొద్దుటూరులోనే కాదు, జమ్మలమడుగు వైపు కూడా. ముందు గదిలో, అన్ని ఇళ్లకూ నెట్ పంచే స్విచ్చి పెట్టె లైట్లన్నీ పిచ్చెత్తినట్టు ఒకటే కొట్టుకోవడం... మా ఆయన ఫోను ఆగడం లేదు. "చూస్తాండా సార్, వస్తాది సార్" — ఒళ్లంతా చెమట. చివరికి ఒక వైరు పట్టి లాగేశారు. దాని రెండు కొనలూ ఆ పెట్టెలోనే ఉన్నాయి! లైట్లు నెమ్మదించాయి, నెట్ వచ్చింది.

"యాడ పోయినాడు మస్తాను? వాడి పనే ఇది!"

మస్తాన్ అన్న మా లైన్‌మేన్. కానీ ఇది అతని పని కాదు. పొద్దున నేను చూశాను. అత్త పెట్టె తుడిచి, పసుపు రాసి బొట్టు పెట్టి, వేలాడుతున్న వైరు కొనను ఖాళీ బొక్కలో దోపింది. "ఏందిమే ఈ తోక, సూసేదానికి శానా గలీజుగా ఉంది." నేను నవ్వాను కూడా.

శనివారం

మస్తాన్ అన్నను పనిలోంచి తీసేశారు. నా పెళ్లికి ముందు నుంచీ స్తంభాలెక్కి వైర్లు లాగుతున్న మనిషి. "ఒక కొనే పెట్టినా అన్నా, రెండోది ఊరికే ఇడిసినా" — ఎంత చెప్పినా ఆయన వినలేదు. అత్త చిక్కుడుకాయలు ఒలుస్తూ కూర్చుంది. అది తన చేతి పనేనని ఆమెకు తెలియదు. నేనూ చెప్పకుండా పక్కన కూర్చుని ఒలిచాను.

ఆదివారం

ఆయన లాప్‌టాప్‌లో పెట్టెలోని ఒక్కో పోర్టుకూ, అంటే వైరు దోపే బొక్కకూ, ఏదో కొడుతున్నారు. ఏమిటని అడిగాను, ధైర్యం చేసి. స్పానింగ్ ట్రీ అట. పెట్టెలోంచి పోయిన డేటా మళ్లీ పెట్టెలోకే వచ్చి సుడి తిరుగుతుంటే, కనిపెట్టి ఒక దారి మూసేస్తుందట.

మరి మొన్న ఎందుకు మూయలేదు?

నేను అడిగితే ఆయన ఇంకో పోర్టు మీదికి పోయారు. అప్పుడు చెప్పేశాను — మస్తాన్ అన్న కాదు, అత్త అని.

"తెలుసు. కొనకు పసుపు అంటుకోని ఉన్నింది."

తెలుసు!

"ఆ రెండు పోర్టులకు ఈ సెట్టింగు తీసేసింది నేనే. అది ఉంటే బాక్సు తగిలించినప్పుడల్లా అర నిమిషం కాసుకోవాల, ఇసుగొచ్చి తీసేసినా. ఇది తెలిస్తే పులివెందుల కాలేజీ నెట్ పని మనకిస్తారా? లైన్‌మేన్ చేసినాడని అందరికీ చెప్పేసినా. నువ్వు గమ్మునుండు."

వేళ్లు కొడుతూనే ఉన్నాయి. ఈ మనిషితోనేనా నేను ఇన్నాళ్లూ...

సోమవారం

ఆయనకు వడ్డించి, నా కంచం కడిగి బోర్లించేశాను.

మంగళవారం

మస్తాన్ అన్న నిచ్చెన అప్పగించడానికి వచ్చాడు. జమ్మలమడుగులో పని అడిగితే "ఊరంతా ఆర్పేసినోడివి నువ్వేనా?" అని నవ్వి పంపారట.

అత్త మజ్జిగ ఇచ్చింది. "పోనీలేరా మస్తానూ, తప్పు ఎవురు చెయ్యరు?"

తాగలేదు. నా వైపు తిరిగాడు. "వదినా, ఆ పొద్దు నువ్వీడనే ఉండావు గదా. ఆ రెండో కొన నేను పెట్టినానా?"

ఆయన గడప దాకా వచ్చి నిలబడ్డారు. నన్నే చూస్తున్నారు.

"నువ్వు కాదన్నా." నా గొంతేనా అది!

గదిలోకి వచ్చి గడియ పెట్టుకున్నాను. ఇక్కడే కూర్చుని ఇది రాస్తున్నాను. బయట ముగ్గురూ ఉన్నారు. తలుపు కొడుతున్నది ఆయన కాదు... అత్త.

"వాడు కాకపోతే ఇంకెవురుమే? బయటికొచ్చి చెప్పు!"