అడవిపందులకు తగిన రివాల్వర్

జహీరాబాద్

బావగారికి నమస్కారాలు.

మీరు మిలిటరీలో పనిచేసినవారు కనుక, అడవిపందుల కోసం పిస్తోలు కొనాలా, రివాల్వర్ కొనాలా అని అడిగాను. పందికి అవి చాలవు, పొడుగు తుపాకే తీసుకోమని రాశారు. నిజమే. కానీ పొడుగు తుపాకి పట్టుకుని ఫంక్షన్ హాలుకు ఎట్లా పోవడం? మొగుడంపల్లి మదన్‌మోహన్ నడుముకు రివాల్వర్ పెట్టుకుని వస్తే, పెళ్లివారు పెళ్లికొడుకును వదిలేసి ఆయనకు ఎదురెళ్లారు. పిస్తోలు పల్చగా ఉండి లాల్చీ కింద కనబడదట. రివాల్వర్ ఎంత ఉబ్బుగా కనబడుతుందో మాత్రం రాయండి.

లైసెన్సుకు పంట నష్టం చూపించాలి. మీ చెల్లెలు నందిని ఝరాసంగం చేను చుట్టూ పాత చీరలు కట్టినప్పటి నుంచి, మనుషులున్నారనుకుని పందులు రావడం మానేశాయి. విచారణకు వచ్చేవారికి ఏం చూపాలి? చీరలన్నీ విప్పించాను. దేవుడి దయవల్ల పందులు వచ్చాయి. మొక్కజొన్న ఒక్క కంకి మిగల్లేదు. అధికారులు చూసి "అయ్యో పాపం" అన్నారు. లైసెన్సు వచ్చేలాగే ఉంది.

నందిని మాత్రం "పంటంత పాయె. ఇగ తుపాకి పెట్టుకొని ఏం కావలి గాస్తవ్?" అంది. నిన్న ఆ చీరలన్నీ తెచ్చి మా ఇంటి గేటుకు కట్టింది. "టౌన్ల పందులేడియే?" అని అడిగితే నన్ను ఎగాదిగా చూసి లోపలికి పోయింది.

ఆమెకు ఏమైందో, జర మీరే ఫోన్ చేసి కనుక్కోండి.

మీ బామ్మర్ది