షీల్డు కోసం ఫీజు

కడియం,
జులై 2004.

తమ్ముడు వీర్రాజుకు,

నీ ఉత్తరం అందింది. ఇక్కడ వానలు బాగా పడుతున్నాయి, అందరం కులాసాగా ఉన్నాం. మీ ఐసు ఫ్యాక్టరీకి ఢిల్లీ వాళ్లెవరో అవార్డు ఇస్తామన్నారనీ, ముందు ఫీజు కట్టమన్నారనీ రాశావు. షీల్డు గోడకు తగిలిస్తే రొయ్యల రైతులు నమ్మి వస్తారేమోనని నీ ఆశ. వాళ్లు రాకపోతే ఫ్యాక్టరీ అమ్మేస్తానన్న మాట చదివి నాకు అన్నం సహించలేదు.

మా నర్సరీకీ మూడేళ్ల కిందట అలాంటి అవార్డే వచ్చింది. మీ బావగారు ఫీజు కట్టి, సూటు కుట్టించుకుని మరీ వెళ్లారు. వేదిక మీద ఆయన పేరే తప్పు చదివారట. మొహం చిన్నబుచ్చుకుని కూర్చుంటే, పక్క కుర్చీలో ఉన్న జైపూర్ హోటలాయన, "మీ దగ్గరా డబ్బు కట్టించుకున్నారా?" అని హిందీలో మెల్లగా అడిగాడట. ఇద్దరూ పగలబడి నవ్వుకున్నారట. తర్వాత ఆయన వచ్చి మా మొక్కలు చూసి వెళ్లాడు. ఇప్పుడు ఏటా ఆయన హోటళ్లకు మన లారీ వెళ్తోంది. షీల్డు గురించి మాత్రం ఇంతవరకూ ఒక్కరూ అడగలేదు.

నీ ఉత్తరం చదివి వినిపిస్తే మీ బావగారు, "నాకు కలిసొచ్చింది ఆ పక్క కుర్చీలో మనిషే. మనుషుల్ని కలవడానికి ఫీజెందుకే? కట్టొద్దని రాయి. ఆకివీడు, ఉండి ఊళ్లలో రొయ్యల చెరువుల మీద రైతులందర్నీ వాడితోపాటు నేనూ తిరిగి కలుస్తాను" అన్నారు.

ఆదివారం పొద్దున బస్సుకి భీమవరంలో దిగుతారు. మోటారు సైకిల్లో పెట్రోలు పోయించి ఉంచు.

మీ అక్క