సోమ్లా తెచ్చే బొగ్గులు

కామారెడ్డి
1938, మాఘమాసం

నన్ను తల్లిలా సాకిన సాలవ్వక్కకు,

తమ్ముడు భూమయ్య దండాలు. ఎల్లారెడ్డిలో నువ్వూ బావా బాగున్నారని నమ్ముతూ రాస్తున్నాను.

అక్కా, ముందు ఒక అబద్ధం విప్పుతాను. నేను పత్తి మిల్లులో పని చేయడం లేదు. స్టేషను బయట సాలెం చావుష్ అనే అరబ్బు ముసలాయన దుకాణంలో మాంసం కాలుస్తున్నాను. పోచమ్మ పండుగకు మనం మేక తలా కాళ్ళూ మంట మీద కమర్చి గీకుతాం, తర్వాత అంతా కుండలోకే పోతుంది. చావుష్ దేశంలో అలా కాదట. నిప్పుల మీద రాతి పలక కాగబెట్టి, ఉప్పు రాసిన మాంసం దాని మీద పరుస్తారు. రైల్వే దొర ఒకడు వస్తాడు, ముక్క లోపల ఎర్రగా ఉండగానే దించమంటాడు. నాకు నవ్వొస్తుంది. చావుష్ మాత్రం నవ్వడు. ఎవరి నిప్పు మర్యాద వాళ్ళది అంటాడు. పగవాడైనా సరే, నిప్పు దగ్గరికి వచ్చి కూర్చుంటే తిని లేచేదాకా చుట్టమేనని వాళ్ళ కట్టుబాటు.

మొన్న బుధవారం బొగ్గులు తెచ్చే మనిషి మారాడు. కావడి దించిన ముసలాయన కుడికాలు ఈడుస్తున్నాడు. తలెత్తితే సోమ్లా. మన కల్లం పక్క బంజరులో గుడిసెలేసుకుని ఉండిన లంబాడీ తండా పెద్ద. నన్ను చూడగానే ఆనవాలు పట్టాడు.

"భూమయ్యవు గదా! మీ అక్క మంచిగున్నదా?"

ఐదేళ్ళ కింద బావ కట్టెతో విరిచిన కాలు అది. ఇప్పుడు తాడ్వాయి అడవిలో బొగ్గులు కాల్చి బతుకుతున్నాడు. చావుష్ అతన్ని కూర్చోబెట్టి ముందు మాంసం పెట్టాడు. "నువ్వు గూడ కూసో, భూమయ్యా" అన్నాడు సోమ్లా. కూర్చున్నాను. నా వంతు ముక్కలు కూడా అతని ముందుకే తోశాను.

అక్కా, ఆనాడు మన వడ్ల కుప్పలు కాలింది సోమ్లా నిప్పుతో కాదు. మనవడు పుట్టాడని వాళ్ళు మిట్టమధ్యాహ్నం మేకను కాల్చుకున్న మాట నిజమే. కానీ పొద్దు వాలేవేళ కుప్పల వెనక పచ్చి జొన్న కంకులు కాల్చుకున్నది నేను. నిప్పు మీద నీళ్ళు పోయకుండా ఎడ్లను తోలుకుని వాగుకు పోయాను. తిరిగొచ్చేసరికి గాలి లేచింది, మంట ఆకాశమంత ఉంది. అప్పటికే అందరూ తండా మీద పడ్డారు. బావ కట్టె ఎత్తినప్పుడు నేను నీళ్ళ బిందె పట్టుకుని పక్కనే నిలబడ్డాను. నోరు విప్పలేదు. గుడిసెలు పీకి వాళ్ళను వెళ్ళగొట్టినప్పుడూ విప్పలేదు. పని కోసమని చెప్పి కామారెడ్డికి వచ్చింది అందుకే. రోజూ పొద్దున లేచి మన కల్లం చూస్తూ అక్కడ బతకలేకపోయాను.

ఇక దాచలేను. వచ్చి బావకు చెప్తాను. గడప ఎక్కనిస్తాడో లేదో నువ్వే రాయి.

నీ తమ్ముడు
భూమయ్య

ఎల్లారెడ్డి

తమ్మీ,

జ్వరంతో మంచం మీద ఉండి రాస్తున్నాను, అక్షరాలు వంకరపోతే ఏమనుకోకు.

నువ్వు చెప్పిన సంగతి నాకు ఆనాడే తెలుసు. మంట చూసి అందరికన్నా ముందు ఉరికింది నేను. కుప్ప వెనక నువ్వు గింజలు నలుపుకుని పారేసిన కంకులు కనబడ్డాయి. కాలితో మంటలోకి తోశాను. అంతలో మీ బావ వచ్చి "ఎవడు పెట్టిండే నిప్పు?" అని అరిచాడు. అవ్వా బాపూ లేని పిల్లవాడివి, నిన్ను చంపుతాడనుకున్నాను. "లంబాడోళ్ళు మేకను కాల్చిండ్రు గదా" అన్నాను. ఆ మాట మొదట అన్నది నేనే, తమ్మీ. నువ్వు నోరు మూసుకున్నావు. నేను తెరిచాను. ఎవరిది పెద్ద తప్పో నువ్వే చెప్పు.

నీ ఉత్తరం మీ బావకు చదివి వినిపించాను. రెండు పూటలు అన్నం ముట్టలేదు. తర్వాత "కట్టె ఎత్తింది నేను. నేనే పోవాలె" అన్నాడు. రేపు బండి కట్టుకుని నీ దగ్గరికి వస్తున్నాడు. నాకు తెలిసే ఆ మాట అన్నానని మాత్రం ఆయనకు చెప్పలేకపోయాను.

మీ అక్క
సాలవ్వ

కామారెడ్డి

అక్కకు,

జ్వరం ఎలా ఉంది? బావ నిన్న వచ్చాడు. ఇద్దరం తాడ్వాయి అడవికి పోయాం. సోమ్లా బొగ్గుబట్టీకి మన్ను కప్పుతున్నాడు. చేతులు కడుక్కుని వచ్చి కూర్చున్నాడు. నేను మొదటి నుండి చివరి దాకా చెప్పాను. బావ తలకు చుట్టిన రుమాలు తీసి అతని కాళ్ళ ముందు పెట్టాడు.

సోమ్లా లేచి బట్టీ మీద ఇంకో దోసెడు మన్ను వేశాడు. "మా ఆడిది పోయిన ఎండకాలం సచ్చిపోయింది, పటేలా" అన్నాడు. "ఆ దినం మేకను కాల్చినంక మన్ను పోసి నిప్పు ఆర్పింది అదే. నేను సరిగ ఆర్పలేదేమో, నాతోనే గిట్లయింది అని ఏడ్చుకుంటనే పోయింది. గీ మాట అది ఇనలేదు."

బావ తల నేలకు వాలిపోయింది. సోమ్లా రుమాలు తీసి, దుమ్ము దులిపి బావ చేతిలో పెట్టాడు.

"నా దగ్గర ఏడిస్తె ఏమొస్తది? ఊర్ల అందరు జూస్తుండగ కొట్టిండ్రు. ఊర్లనే చెప్పుండ్రి."

వచ్చే అంగడి రోజు ఎల్లారెడ్డి చావడి ముందు అందరికీ చెప్తానని మాటిచ్చాను. సోమ్లా, అతని కొడుకు, మనవడు బావ బండిలోనే వస్తారు. నేను చేసింది నేను చెప్తాను, బావ చేసింది బావ చెప్తాడు. కానీ నీకు తెలిసే అన్న ఆ మాట నా నోట రాదు, అక్కా. బావకూ చెప్పలేదు. అది నువ్వే చెప్పాలి. నడవలేకపోతే చెప్పు, నేను ఎత్తుకుని తీసుకుపోతాను.

భూమయ్య