పాతర పూడ్చే ముందు

జఫర్‌గఢ్

అఖిల బాపుకు నమస్కారాలు. ఇక్కడ అత్తమ్మ, అఖిల, నేను రేకుల షెడ్డులో బాగానే ఉన్నాం. భూపాలపల్లిలో గని డ్యూటీ చేస్తూ మీరూ కులాసాగా ఉన్నారని తలుస్తాను. ఫోన్ చేస్తే మీ తమ్ముడు పక్కన చేరి స్పీకర్ పెట్టమంటాడు. అందుకే కాగితం పట్టాను.

పోయిన ఉత్తరంలో అడిగినవాటికి జవాబు. అఖిల దగ్గు తగ్గింది. దాని చదువు గురించి మీరు అడగలేదు, నేనూ చెప్పను. కొత్త ఇల్లు కట్టేందుకు పాత గోడలు తీసేశాం. ఇక మిగిలింది ఇంటి కింది పాతర. ఒకప్పుడు జొన్నలు దాచిన ఆ నేలగదిని ఉంచాలా, మట్టి పోసి పూడ్చాలా, మీ తమ్ముడు పరశురాములును అడగమన్నారు. ఎంత తెలివి! ఆ మెట్లు ఎక్కి దిగింది ఇంటి ఆడవాళ్లు, అడగాల్సింది మాత్రం మీ తమ్ముణ్ణి. సరే, అడిగాను.

ఆయన మానుకోట నుంచి వాస్తు మనిషిని తీసుకొచ్చాడు. ఆ మహానుభావుడు సెల్‌ఫోన్‌లో దిక్కులు వెతికాడు. తిరిగినప్పుడల్లా దిక్కు మారుతోందని ఫోన్‌ను అరచేతికేసి కొట్టాడు. చివరికి, "నైరుతిల బొంద ఉన్నది. యజమానికి గండం. పూడ్చాలె" అన్నాడు. యజమాని రోజూ బొగ్గుగనిలోకి దిగితే రాని గండం జొన్నల గదితో వస్తుందట!

ఆయన వెళ్లాక మీ తమ్ముడు గొంతు తగ్గించాడు. "వదినా, పూడ్చేముందు జర తవ్వి చూద్దాం. పాతరల లంకెబిందెలున్నయి. కాపలాకు ఆడదయ్యం ఉన్నది. దాని ఏడుపు ఊరంత ఇన్నరు. మొన్న దసరాకు గూడ ఇనబడ్డది."

రేపు సర్పంచ్‌గా నిలబడతానంటున్న మనిషి మాటలివి. ఊరిని దేవుడే కాపాడాలి.

మంచం మీద కూర్చున్న అత్తమ్మకు నవ్వీ నవ్వీ పొలమారింది. మరిది విసుక్కుంటూ వెళ్లాక నాతో, "దయ్యం లేదు, గియ్యం లేదు. అది నేనే బిడ్డా. మీ మామకు నోరెక్కువ. నాకు ఎదురు మాట్లాడ ధైర్యం లేకుండె. జొన్నలు తెస్తనని దిగి, కడుపునిండ ఏడ్సి, తిట్టుకొని మీదికొస్తుంటి" అంది. మళ్లీ, "మోకాళ్లు పోయినంక నేను దిగలే. దసరానాడు ఇనబడ్డది మాత్రం నేను గాదు" అంటూ నా ముఖంలోకి చూసింది.

ఒక ఆడమనిషి గుండె పగిలేలా ఏడిస్తే బంగారం ఉందనుకున్న ఊరు మనది. నాకు నవ్వొచ్చింది, ఒళ్లూ మండింది.

ఇక దాచను. దసరాకు వినబడింది నేనే. అఖిల నర్సింగ్ చదువుతానంటే, "ఆడపిల్లకు గంత సదువెందుకు, సంబంధం చూడుండ్రి" అని మీరు తేల్చేసిన రోజది. మీ ఎదుట తలాడించాను. గంప పట్టుకుని పాతరలోకి దిగాను. అందులో జొన్నలు లేక ఎన్నేళ్లయిందో మీకు తెలియదు కదా. మిమ్మల్ని, మీ తమ్ముణ్ణి పేరుపేరునా తిట్టాను. నా బిడ్డను తలచుకుని గట్టిగా ఏడ్చాను.

ఇప్పుడు మీరే తేల్చండి. ఉంచమంటే పైన స్లాబు వేయించి మెట్లకు తలుపు పెట్టిస్తాను. పూడ్చమన్నా నాకు బాధ లేదు. కిందికి దిగే పని తప్పుతుంది. పాతరలో తిట్టుకున్న ఆ మాటలన్నీ కొత్త ఇంట్లో మీ ఎదురుగా కుర్చీ వేసుకుని చెబుతాను. మొదట అఖిల చదువు దగ్గర మొదలుపెడతాను.

ఇట్లు,
ఇన్నాళ్లూ మీ మాటకు తలాడించిన
అఖిల అవ్వ